ఎనిమిది సిలిండర్ల పడవ

గుడివాడలో ఆ కారు బానెట్ ఎత్తి చూసేసరికే ఇంజను బతికి ఉందని జరీనాకు అర్థమైంది. అది ఎవరి కారో తెలిసింది మాత్రం మరో పావుగంటకి.

చేపల మేత గోడౌను వెనక రేకుల షెడ్డులో పడి ఉంది కారు. జర్మనీ బండి. ఎనిమిది సిలిండర్లు, రెండు టర్బోలు. ముదినేపల్లి రోడ్డు మలుపులో అదుపు తప్పి, గిరగిరా తిరిగి, చెరువు గట్టుకు వెనక్కి వెళ్లి గుద్దుకుంది. వెనక సీటు దాకా నుజ్జునుజ్జయింది గానీ ముందుభాగానికి పెద్దగా దెబ్బ తగల్లేదు. జరీనా ఆయిల్ పుల్ల బయటికి లాగి, కొసన ఉన్న ఆయిల్‌ను వేళ్ల మధ్య నలిపి వాసన చూసింది. కాలిన వాసన లేదు. నీళ్లు కలవలేదు. పక్కన నిలబడ్డ తండ్రి వంక చూసి తలూపింది.

తండ్రి జలాలుద్దీన్‌కు అరవై ఏడేళ్లు. బందరులో గిలకలదిండి హార్బరుకు వెళ్లే దారిలో ఆయన షెడ్డు తెలియని పడవ యజమాని లేడు. లారీ ఇంజన్లు విప్పి మరబోట్లలో కూర్చోబెట్టడం నలభై ఏళ్లుగా ఆయన పని. చేతులు వణకడం మొదలయ్యాక ఆ పనంతా కూతురి చేతికొచ్చింది. ముప్ఫై నాలుగేళ్ల జరీనా చుడీదార్ మీద తండ్రి పాత ఖాకీ చొక్కా తొడుక్కుని, చేతులు మోచేతుల దాకా మడిచి ఇంజన్ల మీద వంగితే, కొత్తగా వచ్చినవాళ్లు కాసేపు నమ్మలేనట్టు చూసేవాళ్లు. ఆ తర్వాత అలవాటు పడేవాళ్లు.

"సాయిబు గారు మీరేనాండీ?" చలవ కళ్లద్దాలు నెత్తిమీదికి తోసుకుంటూ ఒక ముప్ఫై ఏళ్ల మనిషి వచ్చాడు. "మా బాబీ చెప్పాడు మీ గురించి. బందర్లో ఇంజనంటే మీ తర్వాతే ఎవరైనా అన్నాడు. దీని బాడీ ఎలాగూ పనికిరాదు. ఇంజను పారెయ్యడానికి మాత్రం మనసొప్పట్లేదు. నాగాయలంకలో నా స్పీడు బోటుంది, దాన్లో పెట్టాలి. ఫిబ్రవరిలో మా ఫ్రెండ్సందరం బోట్లతో పందెం వేసుకున్నాం. నాలుగొందల యాభై హార్స్ పవరండీ ఇది! నీళ్లమీద దీన్ని ఎవడు పట్టుకుంటాడు?"

"కారు ఇంజను పడవకి అంత తేలిగ్గా కుదరదు బాబూ," అన్నాడు జలాలుద్దీన్. "చాలా మార్చాలి. ఇంతకీ తమరు?"

"గిరీష్ అండీ. మధుసూదనరావు గారబ్బాయిని."

జరీనా ఆయిల్ పుల్లను గుడ్డతో తుడిచి, మళ్లీ దాని గొట్టంలోకి నెమ్మదిగా దించింది. తండ్రి ముఖం పాలిపోవడం చూసింది. ఆయన నోరు తెరిచేలోపు, "చేస్తామండీ," అంది.

గిరీష్ అప్పుడు చూశాడామెను. "ఏవమ్మా, నువ్వు కూడా మెకానిక్కేనా?"

"అవునండీ. పని నేనే చేస్తాను."

అతను నవ్వాడు. ఆ నవ్వులో ఎగతాళి కూడా లేదు. ఎదురుగా ఉన్నది ఎవరో తెలుసుకోవలసిన అవసరం ఎన్నడూ రానివాడి నవ్వు అది.

నదీమ్ జరీనా భర్త. జలాలుద్దీన్ దగ్గరే పని నేర్చుకుని, ఆయన కూతుర్నే పెళ్లి చేసుకున్నాడు. దివిసీమలో ఏ రేవులో ఇంజను మొరాయించినా పనిముట్ల సంచి భుజాన వేసుకుని వెళ్లేవాడు. మూడేళ్ల క్రితం ఒకరోజు ఎదురుమొండిలో పని ముగించుకుని, మునిమాపు వేళ చిన్న ఫైబర్ నావలో ఒక్కడే ఏరు దాటుతుంటే, ఒక స్పీడు బోటు దూసుకొచ్చి గుద్దింది. నావ రెండు ముక్కలైంది. పక్కటెముకలు విరిగిన నదీమ్ ఎవరి వలకో కట్టిన బెండ్లు పట్టుకుని పదకొండు గంటలు నీళ్లలో ఉన్నాడు. పొద్దున్నే కోడూరు జాలర్లు చూసి ఒడ్డుకు చేర్చారు. రెండు రోజులు బతికాడు.

ఆ రెండు రోజుల్లో అతను భార్యతో చెప్పింది దెబ్బ సంగతి కాదు. "ఆగారు జరీనా," అన్నాడు. "బోటు వెనక్కి తిప్పారు. లైటేసి నా మొహం మీద పెట్టారు. నేను చెయ్యెత్తాను. చూశారు. చూసి వెళ్లిపోయారు."

ఆ చుట్టుపక్కల అలాంటి బోటు ఒక్కటే ఉంది, గిరీష్‌ది. అందరికీ తెలుసు. కానీ ఆ రోజు అది రిపేరులో ఉందనీ, షెడ్డు దాటలేదనీ దాన్ని చూసుకునే బాబీ సంతకం పెట్టాడు. మధుసూదనరావు లాయరు స్టేషన్‌కు రెండుసార్లు వచ్చి వెళ్లాడు. గిరీష్ ఒక్కసారీ రాలేదు. ఏ పడవో తెలియదు, చనిపోయినవాడి నావకు దీపం లేదు అని కాయితం రాసి కేసు మూసేశారు. బురఖాలో గోడవారగా నిలబడ్డ జరీనాను ఆ రోజుల్లో ఎవరూ తలెత్తి చూడలేదు.

కారు చూసి తండ్రీకూతుళ్లు ఎక్కిన తిరుగు బస్సు గుడ్లవల్లేరు దాటింది.

"వద్దు బేటా," అన్నాడు చివరికి జలాలుద్దీన్. "వాడి ఇనుము మన షెడ్డులోకి రావద్దు."

"ఇంజనేం చేసింది బాబా?"

"నేనంటున్నది ఇంజను గురించి కాదు. నీ గురించి."

జరీనా కిటికీ అద్దం పక్కకు తోసింది. మూడేళ్లుగా ఆమె గిరీష్ ఇంటి ముందు నిలబడి అరవాలనుకుంది, రాళ్లు వెయ్యాలనుకుంది, ఎవరితోనైనా కొట్టించాలనుకుంది. ఏదీ సరిపోదనిపించి మానుకుంది. ఇప్పుడు వాడే వచ్చి తన చేతుల్లో పడ్డాడు. ఈ చేతుల్లోంచి వాణ్ణి ఎవరూ విడిపించలేరు.

ఇంజను లారీలో వచ్చింది. గొలుసు కప్పీతో దించి స్టాండు మీద బిగించాక జరీనా దాని చుట్టూ రెండుసార్లు తిరిగింది. ఎంత ద్వేషంతో మొదలుపెట్టినా, పనిలోకి దిగాక ఆమె చేతులు అబద్ధం ఆడలేవు.

రోడ్డుమీద కారు ఇంజనుకు ఎదురుగాలి ఉంటుంది. పడవ పొట్టలో గాలెక్కడిది? అందుకని ముందు రేడియేటర్ పీకి పారేసింది. ఇంజను లోపలి మంచినీళ్లు లోపలే తిరగాలి. వాటిని చల్లబరిచే ఉప్పునీళ్లు బయటినుంచి వేరే గొట్టాల్లో రావాలి. రెండూ ఒకదాన్నొకటి తాకకుండా వేడి మాత్రం ఇచ్చిపుచ్చుకోవాలి. ఆ గొట్టాల కూలర్‌ను, నీళ్లు తోడే రబ్బరు రెక్కల పంపును తెప్పించి అమర్చడానికే నెల పట్టింది. ఎర్రగా కాలే పొగగొట్టాలకు నీళ్ల తొడుగులు చేయించింది. అలలమీద పడవ ఎగిరిపడేటప్పుడు ఆయిలంతా ఒక మూలకు పోయి పంపుకు అందదు కాబట్టి, ఆయిల్ చాంబర్ విప్పి లోపల అడ్డురేకులు వెల్డింగ్ చేసింది. ఇంజను వెనక గేర్‌బాక్స్ స్థానంలో జెట్ పంపు పెట్టింది. అది పడవ అడుగున ఉన్న జాలీలోంచి నీళ్లు లాక్కుని వెనక్కి చిమ్ముతుంది. ప్రొపెల్లర్ ఉండదు గనక లోతు తక్కువ నీళ్లలో కూడా పరిగెత్తుతుంది.

అన్నిటికంటే ఎక్కువ ఏడిపించింది కారు కంప్యూటర్. తలుపులేవి, చక్రాలేవి, గేర్లేవి అని వెతుక్కుని, ఏవీ కనబడక, ఇంజనును నడవనివ్వనని మొండికేసింది. విజయవాడ నుంచి వర్షిణి అనే ఆమె లాప్‌టాప్ పట్టుకుని వచ్చి మూడు రోజులు కూర్చుంటే గానీ లొంగలేదు. మూడో రోజు సాయంత్రం స్టాండు మీదే ఇంజను గర్జించింది. రేకుల కప్పు అదిరింది. జలాలుద్దీన్ ఒక్క క్షణం అన్నీ మరిచిపోయి కూతురి భుజం తట్టాడు.

మర్నాడు ఆయన దానిచుట్టూ తడుముతూ చూస్తుంటే చెయ్యి ఒకచోట ఆగింది.

"ఇది కారు సెల్ఫ్ మోటారు కదూ?"

జరీనా గుడ్డతో చేతులు తుడుచుకుంటోంది.

"పడవలకు పెట్టేది, మూతేసినది, చెన్నై నుంచి తెప్పించావు కదా. పెట్టెలోనే ఉందేం?"

ఎందుకో ఆయనకు తెలుసు. ఆమెకూ తెలుసు. కారు సెల్ఫ్ తిరిగేటప్పుడు లోపల నిప్పురవ్వలు రేగుతాయి. కారులో వాటివల్ల భయం లేదు, పెట్రోలు ఆవిరి గాలికి కొట్టుకుపోతుంది. పడవ పొట్టలో అది పోయే దారి లేదు. గాలికంటే బరువైంది కాబట్టి అడుగున చేరి కూర్చుంటుంది. అందుకే పడవలకు మూతేసిన సెల్ఫ్, మూతేసిన డైనమో, ఆవిరిని బయటికి లాగే ఫ్యాను పెడతారు. అవి పెట్టకపోతే చాలు. ఏదీ తెంపక్కర్లేదు, ఏదీ వదులు చెయ్యక్కర్లేదు. ఎండలో రెండు గంటలు నిలబడ్డ బోటెక్కి గిరీష్ తాళం తిప్పితే చాలు.

"బాబా," అంది జరీనా, "ఇలా అయితే వాడి చావు ఎంతసేపుంటుంది?"

"తోబా, తోబా..." అంటూ ఆయన చెవులు పట్టుకున్నాడు.

"రెప్పపాటు కూడా ఉండదు. ఎందుకు చచ్చాడో కూడా వాడికి తెలీదు. రాత్రంతా దాని గురించే ఆలోచించాను." ఆమె స్పానర్ అందుకుని తనే ఆ సెల్ఫ్ విప్పడం మొదలుపెట్టింది. "నాకది చాలదు."

కూతురు చివరి మాట జలాలుద్దీన్ వినిపించుకోలేదు. వినాలనుకోలేదేమో. సెల్ఫ్ మారిందన్న నిశ్చింతతో నమాజుకు వెళ్లిపోయాడు.

బోటును ట్రాక్టరు ట్రాలీ మీద తెచ్చింది బాబీయే. నలభై ఏళ్లుంటాయి, బక్కపల్చటి మనిషి. జరీనాను చూడగానే తల దించుకున్నాడు. తాళ్లు విప్పడం, దుంగల మీదికి దించడం, అన్నీ నేలను చూస్తూనే చేశాడు.

కొత్తగా వేసిన తెల్లరంగు కింద బోటు ముక్కు దగ్గర ఫైబర్ కొంచెం ఎత్తుగా ఉంది. జరీనా గరుకు కాయితంతో రుద్దింది. తెల్లరంగు పోయింది. దాని కింద అతుకు బయటపడింది. అతుకు అంచున, పాత పగుల్లో ఇరుక్కుని, గోరంత నీలంరంగు పెచ్చు కనబడింది. ఆ నీలం ఆమెకు తెలుసు. నదీమ్ నావకు ఆ రంగు వేసింది తనే. ఎదురుమొండి వాళ్లు మిగిల్చిన నీలంరంగు డబ్బాలో కాస్త పచ్చరంగు కలిపి వేసింది. బజారులో దొరికే రంగు కాదు.

ఆమె ఫోనుతో ఫొటోలు తీసి, బాబీ వైపు తిరిగింది. "మా దగ్గరికే పంపమని వాడితో ఎందుకు చెప్పావు?"

"మీకంటే బాగా చేసేవాళ్లు లేరనండీ."

"నా మొహం చూసి చెప్పు."

చూడలేకపోయాడు. ట్రాలీ చక్రం మీద చెయ్యి వేశాడు. "లైటు పట్టుకుంది నేనేనండీ," అన్నాడు. "బాబూ, మనిషి బతికే ఉన్నాడండీ అన్నాను. నోర్ముయ్యమన్నాడు. ఆ తర్వాత ఎన్నాళ్లో నిద్ర పట్టలేదు. మీ చేతిలో పెడితే ఏదో ఒకటి అవుద్దనిపించింది. ఏమవుద్దో నేను ఆలోచించలేదు."

"ఇదే మాట స్టేషన్లో చెప్తావా?"

"నేనుండే ఇల్లు వాళ్లదండీ. పిల్లలు చదువుకుంటున్నారు." అని, ట్రాక్టరెక్కి వెళ్లిపోయాడు.

ఫొటోలు చూసి జలాలుద్దీన్ మంచి వకీలును చూద్దామన్నాడు. "చూద్దాం బాబా," అంది జరీనా. "అది కోర్టుకి. నా పని వేరే ఉంది."

డిసెంబరులో ఏకాదశి నాడు ట్రయలు పెట్టింది. ఆ రోజు పదకొండు గంటలకు ఏట్లో పూర్తిగా ఆటు, సాయంత్రం ఐదున్నరకు పోటు. ఈ లెక్క దివిసీమలో ఏ జాలరినడిగినా చెబుతాడు. గిరీష్‌కు తెలియదు. అతనికి ఏరంటే ఎప్పుడొచ్చినా అక్కడే ఉండే నీళ్లు.

నాగాయలంక రేవులో బోటు నీళ్లలోకి దిగింది. "నువ్వూ ఎక్కు బాబీ," అన్నాడు గిరీష్. "కడుపులో బాలేదండీ బాబూ," అన్నాడు బాబీ, ఒడ్డునే కూర్చుని. అతని చూపు ఒక్కసారి జరీనా మీద ఆగి, పక్కకు తప్పుకుంది.

మొదటి పది నిమిషాలు ఆమె నెమ్మదిగా నడిపింది. నీళ్ల వేడి చూసుకుంది, ఆయిలు చూసుకుంది. తర్వాత పిడి ముందుకు తోసింది. టర్బోలు ఈల వేశాయి. బోటు ముక్కు ఎత్తి, నీళ్లమీద నిలబడి, రెండు ఒడ్లనూ వెనక్కి విసురుతూ పరిగెత్తింది. గిరీష్ చిన్నపిల్లాడిలా కేకలు పెట్టాడు. తను చేసిన పని అంత బాగా నడుస్తుంటే జరీనా ఒంట్లో కూడా ఏదో పొంగింది. ఈ సంతోషం నదీమ్‌తో పంచుకోవలసింది. పక్కన కూర్చుని కేకలేస్తున్నది వీడు.

"నాకివ్వు, నేను నడుపుతా!"

"కాసేపాగండి. వేడి సరిచూడాలి."

ఎదురుమొండి దిగువన ఏరు రెండు పాయలై, మధ్యలో ఇసుకతిప్ప ఉంది. పోటులో మునుగుతుంది, ఆటులో మోకాలి లోతున తేలుతుంది. రెండువైపులా నీళ్లు లోతు, లాగుడు ఎక్కువ. ఆమె తిప్ప పక్కకు తెచ్చి ఇంజను ఆపేసింది.

"ఏమైంది?"

"కింద జాలీకి గుర్రపు డెక్క పట్టినట్టుంది. నీళ్లు లాగట్లేదు. దిగి పీకాలి. నేను దిగుతాను గానీ, పైన పంపు చూసుకోవడం మీకు తెలీదు కదా."

"నేనే దిగుతాలే." ఫోను డబ్బాలో పెట్టాడు. వంగడానికి అడ్డంగా ఉందని లైఫ్ జాకెట్ విప్పి సీటు మీద పడేశాడు. మోకాలి లోతు నీళ్లలోకి దూకి, బోటు కిందికి చెయ్యి పెట్టి తడిమాడు. "ఏమీ లేదిక్కడ!"

ఇంజను అందుకుంది. బోటు వెనక్కి జరిగింది. పది గజాలు, ఇరవై, యాభై. అక్కడ ఆగింది.

"ఏయ్! ఏం చేస్తున్నావ్?"

"నా పేరు జరీనా," అంది ఆమె. నీళ్లమీద మాట స్పష్టంగా వినబడుతుంది, అరవక్కర్లేదు. "నదీమ్ భార్యని. పేరు తెలుసా నీకు? మూడేళ్ల కింద, ఇక్కడే, పైన మలుపులో."

అతను రెండడుగులు వెనక్కి వేశాడు. ఆ తర్వాత ఒక్కసారిగా అన్నీ అన్నాడు. మా నాన్న ఎవరో తెలుసా అన్నాడు. నిన్నూ నీ బాబునూ జైల్లో పెట్టిస్తానన్నాడు. చివరికి, "అది యాక్సిడెంటు!" అన్నాడు.

"గుద్దటం యాక్సిడెంటే. నేనూ అలాగే అనుకుంటున్నాను. లైటేసి చూశావు కదా. ఆయన చెయ్యెత్తాడు కదా. ఆ తర్వాత నువ్వు చేసింది ఏంటి?"

"భయమేసింది! నాకు భయమేసింది, అంతే!"

"ఆయనక్కూడా వేసి ఉంటుంది."

ఆమె బోటును తిప్పి తిప్ప చుట్టూ ఒక చుట్టు తెచ్చింది. అతని ముఖాన్ని దగ్గర్నుంచి నింపాదిగా చూసింది. అతను చెయ్యెత్తాడు. ఆ చెయ్యి కోసమే ఆమె ఇన్నాళ్లు ఆగింది. దాన్ని కళ్లనిండా చూసుకుని, పిడి ముందుకు తోసి వెళ్లిపోయింది.

మడ చెట్ల మాటున బోటు కట్టేసి కూర్చుంది. అక్కడినుంచి చూస్తే తిప్ప మీది మనిషి పుల్లంత కనబడుతున్నాడు. చొక్కా విప్పి ఊపుతున్నాడు. దూరంగా ఒక మరబోటు పోయింది. గవ్వలేరుకునేవాళ్లు ఆ తిప్పల మీద ఎప్పుడూ ఉంటారు. బోటువాళ్లు అతన్ని అలాగే అనుకుని చెయ్యూపి సాగిపోయారు. అది చూసి జరీనా నవ్వింది. ఆ నవ్వు బయటికి వచ్చినందుకు తనే ఉలిక్కిపడింది, కానీ ఆపుకోలేదు.

మధ్యాహ్నం రెండింటికి నీళ్లు అతని తొడల దాకా వచ్చాయి. మూడున్నరకు నడుము. ఈదడానికి ఒకసారి దిగి, లాగుడు తగిలి, తన్నుకుంటూ మళ్లీ తిప్పెక్కాడు. గాలి లేచాక అలలు ఛాతీకి కొట్టసాగాయి. తనకు జాలి వేస్తుందేమోనని ఆమె ఎదురుచూసింది. వెయ్యలేదు. అతను తడబడిన ప్రతిసారీ ఆమెకు నదీమ్ పట్టుకున్న బెండ్లు గుర్తొచ్చాయి. ఆయనకు పదకొండు గంటలు. వీడికి ఇంకా ఐదు కూడా కాలేదు. ఆయనకు విరిగిన ఎముకలు, వీడికి అన్నీ బాగానే ఉన్నాయి. కేకలు మొదట తిట్లుగా, తర్వాత బతిమాలుకోవడంగా, ఆ తర్వాత ఒట్టి "అమ్మా" గా మారాయి. ఆ మాట కూడా ఆమెను కదిలించలేదు.

ఐదుంబావుకి తాడు విప్పింది. కరుణించి కాదు. వాడు చస్తే ఈ మధ్యాహ్నం ఎవరికీ గుర్తుండదు, తనకొక్కదానికే ఉంటుంది. వాడు బతికి, రోజూ గుర్తుపెట్టుకోవాలి.

తాడు కట్టిన గాలి ట్యూబును అతని ముందుకు విసిరింది. అతను దాన్ని రెండు చేతులా కావలించుకున్నాడు. బోటు ఎక్కబోతే, "ఊహూ. అలాగే పట్టుకో," అంది. పళ్లు కటకటలాడుతుంటే అతను తలూపాడు. ఆమె ముఖంలోకి చూడలేదు.

నాలుగొందల యాభై గుర్రాల ఇంజను, మనిషి నడిచేంత వేగంతో, వెనక ట్యూబును లాక్కుంటూ, పోటునీళ్ల వెంట ఎదురుమొండి రేవుకు అరగంటలో చేరింది. ఏరు దాటించే సాయంత్రం పంటు కోసం రేవులో యాభై అరవై మంది ఉన్నారు. సైకిళ్లు, పాలక్యాన్లు, బడినుంచి వచ్చే టీచర్లు. అందరూ నీళ్ల అంచుకు వచ్చారు. బురదలో మోకాళ్ల మీద పాకుతూ ఒడ్డెక్కిన మనిషి గుడివాడ గిరీష్ బాబని గుర్తుపట్టడానికి వాళ్లకు కాస్త సమయం పట్టింది.

"ఏమ్మా, ఏం జరిగింది? బోటు పల్టీ కొట్టిందా?" అని ఎవరో అడిగారు.

"లేదండీ," అంది జరీనా. "ఈయన్ని తిప్ప మీద వదిలేసి వెళ్లాను. నా భర్తను ఈయన నీళ్లలో వదిలేసినట్టు."

"అబద్ధం!" గిరీష్ లేవబోయి బురదలో జారాడు. "దీనికి పిచ్చి! పోలీసులకి ఫోన్ చెయ్యండి!"

జనంలోంచి బాబీ ముందుకొచ్చాడు. మధ్యాహ్నం దాటినా, దిగువకు పోయిన బోటు రాకపోయేసరికి పంటెక్కి ఇవతలికి వచ్చి, అప్పట్నుంచీ రేవులోనే కూర్చున్నాడట. గిరీష్ అతన్ని చూసి, "బాబీ, చెప్పరా వీళ్లకి!" అన్నాడు.

బాబీ జనం వైపు తిరిగాడు. "ఆ రోజు బోటులో నేనున్నానండీ," అన్నాడు, గిరీష్‌తో కాదు, రేవులో ఉన్నవాళ్లతో. "గుద్దింది గిరీష్ బాబే. లైటేసింది నేను. మనిషి బతికే ఉన్నాడు, చెయ్యెత్తాడు. మేం వచ్చేశాం. స్టేషన్లో నేను పెట్టింది దొంగ సంతకం."

వెనక నుంచి ఒక ముసలి జాలరి గుంపును తోసుకుంటూ వచ్చాడు. నదీమ్‌ను ఆ పొద్దున నీళ్లలోంచి ఎత్తింది అతనే. గిరీష్‌ను కొడతాడేమోనని పక్కవాళ్లు చేతులు పట్టుకున్నారు. అతను కొట్టలేదు. తుపుక్కున పక్కకు ఉమ్మేసి వెళ్లిపోయాడు.

పోలీసులొచ్చేదాకా జరీనా బోటు అంచున కూర్చునే ఉంది. అడిగిందంతా దాచకుండా చెప్పింది. హత్యాయత్నం కేసు పెట్టారు. నలభై మూడు రోజులు జైల్లో ఉండి బెయిలు మీద వచ్చింది. ఆ నలభై మూడు రోజుల్లో మాత్రం ఆమె హాయిగా నిద్రపోయింది. మూడేళ్ల తర్వాత.

బోటును పోలీసులు అవనిగడ్డ స్టేషన్ ఆవరణలో పట్టాకప్పి ఉంచారు. జైలుకు చూడ్డానికొచ్చిన జలాలుద్దీన్ మొదటి రెండుసార్లు కూతురితో మాట్లాడలేదు. "నేన్నేర్పిన పనితో మనుషుల్ని ముంచుతావా?" అన్నాడు మూడోసారి. "నువ్వు నేర్పిన పనిలో ఒక్క తప్పు చెయ్యలేదు బాబా. ఐదున్నర గంటలు ఆగినా ఒక్క తాళానికే స్టార్టయింది," అంది ఆమె. ఆయన కోపంగానే లేచి వెళ్లాడు. నేరుగా అవనిగడ్డ స్టేషన్‌కు పోయి ఎస్సైకి దండం పెట్టాడు. "ఇంజన్లో ఉప్పునీళ్లు నిలవున్నాయండీ. తీయకపోతే లోపలంతా తినేస్తుంది. సాక్ష్యమైనా సరే, పాడుకానివ్వకూడదు కదండీ," అన్నాడు. ఎస్సై ఒక కానిస్టేబులును తోడిచ్చి ఒప్పుకున్నాడు. ముసలాయన వణికే చేతులతో బోటులోకి ఎక్కి, రెండు డ్రమ్ముల మంచినీళ్లు పట్టించి, గొట్టాలన్నీ కడిగి వచ్చాడు.

నదీమ్ కేసు మళ్లీ తెరిచారు. బోటు ముక్కులోని నీలం పెచ్చును పరీక్షకు పంపారు. బాబీ మేజిస్ట్రేటు ముందు వాంగ్మూలం ఇచ్చాడు. ఆ వారమే అతని సామాను గుడివాడవాళ్ల ఇంట్లోంచి బయట పడింది. ఇప్పుడు బందరు హార్బరులో ఐసు మోస్తున్నాడు. జరీనా అతన్ని క్షమించలేదు. ఎదురుపడితే పలకరించదు. అతనూ ఆశించడు.

గిరీష్ మీద వాయిదాలు అవనిగడ్డ కోర్టులో నడుస్తున్నాయి. లాయర్లు మారారు, తారీఖులు మారుతున్నాయి. ఎంతకాలం పడుతుందో, ఎలా తేలుతుందో ఎవరూ చెప్పలేరు. జరీనా మీది కేసు బందరులో వేరే నడుస్తోంది. దానికి ఆమె తప్పనిసరిగా వెళ్లాలి. గిరీష్ కేసులో ఆమె ఒక సాక్షి మాత్రమే, ప్రతిసారీ వెళ్లనక్కర్లేదని వకీలు చెప్పాడు. అయినా ఒక్క వాయిదా మానలేదు.

మొన్న వెళ్లినప్పుడు కోర్టు వరండాలో గిరీష్ తండ్రితో పాటు నిలబడి ఉన్నాడు. చిక్కిపోయాడు. ఎవరో అందించిన నీళ్ల గ్లాసు నోటిదాకా తెచ్చుకున్నవాడు, మెట్లెక్కుతున్న జరీనాను చూసి, తాగకుండానే కిందికి దించేశాడు. మధుసూదనరావు, "అటు చూడకురా," అన్నాడు మెల్లగా. జరీనా వెళ్లి వాళ్లకు ఎదురుగా ఉన్న బల్లమీద కూర్చుంది. పిలుపు వచ్చేదాకా, రెండు గంటలసేపు, కదలకుండా అతన్నే చూసింది. అతను గోడవైపు తిరిగాడు, ఫోను తీశాడు, లోపల పెట్టాడు. చివరికి లేచి వరండా చివరికి వెళ్లిపోయాడు. ఆమె కూడా లేచి, ఆ చివరి బల్లమీదికి మారింది.

జడ్జిగారు వాయిదాను వచ్చే నెల పదమూడుకు వేశారు. బయటికొచ్చి, బందరు బస్సు కోసం నిలబడి, జరీనా తండ్రికి ఫోన్ చేసింది.

"బాబా, పదమూడో తారీఖున షెడ్డులో పనేదీ ఒప్పుకోకు."

"మళ్లీనా బేటా? నువ్వెళ్లకపోయినా జరుగుతుంది కదా."

"జరుగుతుంది. కానీ వాడు నన్ను చూడాలి," అంది ఆమె. బస్సు వస్తుంటే చెయ్యెత్తి ఆపి ఎక్కింది.